నెమరు మానిన గేదె

నేను ఇప్పటిదాకా ఒక్క ముక్క రాసినదాన్ని కాను. చిన్నబడితోనే నా చదువు ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పడతాయి. కానీ ఈ కథ లోపల పెట్టుకుని కూర్చోవడం ఇక నావల్ల కావడం లేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. కథ మాత్రం నాది కాదు, నేరేడుది.

నేరేడు ఒక గేదె. పండిన నేరేడుపండులా నిగనిగలాడే ఒళ్ళు కాబట్టి ఆ పేరు. చింతలమెట్ట దిగువన, కొత్తగా వేస్తున్న పెద్దరోడ్డు పక్కన ఒక దొడ్డిలో ఉండేది. ఆ దొడ్డి నేల ఏటవాలు. ఎగువన గడ్డివాము, చల్లగాలి, పొడినేల. అక్కడ కోటప్ప అనే ఎద్దు. దిగువన బురద, దోమలు, కుడితి తొట్టి. అక్కడ నేరేడు. తల పల్లంలోకి, తోక మెరకలోకి వచ్చేలా కట్టేసేవాళ్ళు. ఎందుకిలా అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడగడం ఆమెకి అలవాటు లేదు.

రోడ్డు పని మొదలయ్యాక ఆ ఇంటి ఇల్లాలు కూలీలకి భోజనాల మెస్సు తెరిచింది. రెండు పూటలా పొయ్యి మీద పెద్ద పెద్ద గిన్నెలు. మరి మిగిలింది ఏం చేస్తారు? నీళ్ళు కారుతున్న పులిహోర, పులిసిపోయిన సాంబారు, చల్లారిన మిరపకాయ బజ్జీలు, ఊరగాయ గిన్నెలు కడిగిన నీళ్ళు, అన్నీ కుడితి తొట్టిలోకే.

"పారెయ్యడం ఎందుకు, గేదె ఉందిగా!" అనేది ఇల్లాలు.

గేదె ఉంది. నిజమే. గేదెకి కడుపుందా లేదా అని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఎండుగడ్డి వేస్తే ముందు కోటప్ప తినాలి. దుక్కి దున్ని వచ్చాడు కదా పాపం. అతను తిని, తొక్కి, దాని మీద కాసేపు దొర్లి వదిలేసింది నేరేడుకి. అదీ దొరకని రోజు కుడితే గతి. అందరూ తిన్నాక, చీకటి పడ్డాక, తొట్టిలో ఉన్నదంతా ఒక్క గుక్కలో గబగబా మింగేసి వెంటనే నడుం వాల్చేది. కోడి కూయకముందే పాలకి లేపుతారు మరి. నింపాదిగా తినడానికి ఆమెకి పొద్దెక్కడుంది?

అలా కొన్నాళ్ళు గడిచేసరికి మంట మొదలైంది. డొక్కలో పుట్టి, మెడ వెంబడి పాకి, గొంతులోకి నిప్పు ఎగదన్నినట్టు ఉండేది. పుల్లటి త్రేన్పులు. పాలు తగ్గాయి. నోరు చేదు.

"బావా, గుండెల్లో మంటగా ఉంటోంది," అంది ఒకరోజు కోటప్పతో, సిగ్గుపడుతూనే.

"ఆడవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిలే," అన్నాడు కోటప్ప, గడ్డి నములుతూ. "నీళ్ళు తాగి పడుకో."

నీళ్ళు తాగి పడుకుంది. మంట ఇంకా ఎగసింది.

ఆమె మెడలో ఒక కంచు గంట ఉండేది. నెమరు వేస్తూ దవడ కదిలించినప్పుడల్లా అది చిన్నగా మోగేది. గేదె నెమరంటే తెలుసుగా, పొద్దుపోయాక మొదలుపెడితే తెల్లారేదాకా ఆగి ఆగి సాగుతూనే ఉంటుంది. ఆమె తలపైన, కొట్టం అటక మీద కోళ్ళ గూడు. పర్లమ్మ అనే చుక్కల పెట్ట, దాని పిల్లలు, ఒక డేగపుంజు, ఇంకో రెండు పెట్టలు అక్కడ ఉండేవి. దొడ్డికి ఒక కుక్క కూడా ఉండేది గానీ, మెస్సు తెరిచాక బొమికల రుచి మరిగి రోడ్డు పక్క పాకలోనే కాపురం పెట్టింది.

"నీ గంట వింటూ ఉంటేనే నాకు నిద్ర వదినా," అనేది పర్లమ్మ. "మొన్న కంచె అవతల నక్క వాసన కొట్టింది. గంట చప్పుడు విని, గేదె మెలకువగా ఉందనుకుని వెళ్ళిపోయింది. కుక్క పోతే పోయింది, నువ్వున్నావు. అది చాలు."

ఆ మాటకి నేరేడు తల దించుకునేది. తనని చూసుకుని ఒకరు నిశ్చింతగా పడుకుంటారంటే ఆమెకి లోపల ఎంతో బాగుండేది. ఆమెని మెచ్చుకున్న నోరు ఆ దొడ్డిలో అదొక్కటే.

ఒకరోజు సందెవేళ కంచె దగ్గర ఎవరో దగ్గారు.

"ఎవరక్కా ఇంత బాధగా త్రేన్చుతున్నది? వినలేక వచ్చాను."

నక్క. మెడలో మూడు గుడ్డమూటలు, నుదుటిన బొట్టు, నడకలో మహా వినయం.

పైనుంచి పర్లమ్మ రెక్కలు కొట్టుకుంది. "వదినా! వాడు నక్కే! దగ్గరికి రానియ్యకు!"

"నక్కనే తల్లీ, కాదన్నానా?" అంది నక్క, నొచ్చుకున్నట్టు మొహం పెట్టి. "మాంసం మానేసి ఎన్నాళ్ళయిందో! ఇప్పుడు ఆకులు, వేళ్ళు, పొడులు. ఊళ్ళో పశువులకి మందిస్తున్నాను. నన్ను పొడులయ్య అంటారు. నీకు నమ్మకం లేకపోతే నేను వెళ్ళిపోతాను. అక్క మండిపోతూ ఉంటుంది, నువ్వు చూస్తూ ఉండు."

పర్లమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. నేరేడుకేమో, "బాధగా ఉందా" అని అడిగినవాడు ఇన్నాళ్ళకి ఒకడు కనిపించాడు. ఆ ఒక్క మాటకి ఆమె కరిగిపోయింది. ఇలాంటి చోటే పడతాం మనం.

"నాలుక చూపించక్కా," అన్నాడు పొడులయ్య. చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "తిన్నది పైకి వస్తోందా?"

"వస్తుంది."

"రోజూ?"

"రోజూ వస్తుంది. అది నెమరు కదా తమ్ముడూ, వస్తే మళ్ళీ నములుతాను."

నక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, అదే జబ్బు! ఎవరూ చెప్పలేదా నీకు? కడుపులోకి పోయింది కిందే ఉండాలి. పైకి రావడమేంటి, దాన్ని మళ్ళీ నమలడమేంటి? నాకు వస్తుందా? పులికి వస్తుందా? ఆ ఇంటావిడకి వస్తుందా? మర్యాద గల కడుపు దేనికీ రాదు. నువ్వు దాన్ని ఇన్నేళ్ళు పెంచి పోషించావు!"

నేరేడు సిగ్గుతో చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ అందరి ముందూ నములుతూ కూర్చున్నానే అనుకుంది.

ఎగువ నుంచి కోటప్ప తలెత్తాడు. "ఏం వైద్యుడూ, నెమరు నాకూ వస్తుందే?"

పొడులయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే, వెంటనే సర్దుకున్నాడు. "మీది వేరు బావగారూ! మగవాళ్ళకి అది బలం. కండకి పోతుంది. ఆడవాళ్ళకే జబ్బు కింద మారుతుంది."

"అదీ సంగతి," అన్నాడు కోటప్ప, మూపురం కదిలిస్తూ. "నేను ముందే చెప్పానుగా, ఆడవాళ్ళకి ఏదో ఒకటి ఉంటుందని."

ఆ రెండు మాటలు విని కూడా నేరేడుకి కోపం రాలేదు. అదే నాకు మండుకొచ్చేది.

"పొద్దున తెల్లపొడి, మధ్యాహ్నం పచ్చపొడి, సందెవేళ నల్లపొడి," అన్నాడు పొడులయ్య, మూడు మూటలూ విప్పి తొట్టి అంచున పెట్టి. "కుడితి మానక్కర్లేదు. ఇష్టమైనంత తిను. చోటు మారక్కర్లేదు. ఒక్కటే పథ్యం. నెమరు పైకి వస్తే నమలకు. గుటుక్కున మింగెయ్. ముఖ్యంగా రాత్రిపూట."

"నీకేం ఇచ్చుకోను తమ్ముడూ?"

"అక్క దగ్గర తీసుకుంటానా? నువ్వు హాయిగా నిద్రపోతే అదే నాకు పదివేలు."

ఆ మాట ఒక్కటి మాత్రం నిజం చెప్పాడు.

తెల్లపొడి అబద్ధం కాదు. సున్నపు గుల్లలు కాల్చి నూరిందేదో, వేసుకోగానే మంట కాసేపు చల్లారేది. ఆ కాసేపు చూసే నేరేడు మురిసిపోయింది. పచ్చపొడి ఉత్త ఎండుటాకులు, మంచీ లేదు చెడ్డా లేదు. నల్లపొడి వేసుకుంటే కనురెప్పలు రాళ్ళలా బరువెక్కేవి. నెమరు పైకి వచ్చేది, మింగేసేది. మళ్ళీ వచ్చేది, మళ్ళీ మింగేసేది. నమిలితే కదా నోట్లో నీళ్ళూరి లోపలికి వెళ్ళి ఆ పులుపుని విరిచేది! నమలని మేత కడుపులో రాయిలా కూర్చుంది. డొక్క ఉబ్బింది. తెల్లపొడి చల్లదనం తీరగానే మంట ఇదివరకటి కంటే ఎక్కువగా వచ్చేది. అప్పుడు మళ్ళీ తెల్లపొడి.

గంట మోగడం మానేసింది.

"వదినా, ఏంటి గంట వినపడట్లేదు?" అని అడిగింది పర్లమ్మ పొద్దున్నే. "నాకు నిద్రే పట్టలేదు."

"మందు వాడుతున్నానే. నెమరు మానేశాను."

"నెమరు మానడమేంటి నీ మొహం! గేదెవి కాదూ?"

"జబ్బట అది. నీకేం తెలుసు, ఊరుకో."

కొన్ని రోజులకే అటక మీద ఒక పెట్ట తగ్గింది. ఈకలు నాలుగు గుమ్మం దగ్గర దొరికాయి.

"గద్ద ఎత్తుకుపోయి ఉంటుంది," అన్నాడు కోటప్ప. "కోళ్ళన్నాక పోతాయి."

పొడులయ్య వచ్చి సంతాపం చెప్పాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తర్వాత నేరేడు డొక్క తట్టి చూసి మొహం చిట్లించాడు. "తగ్గలేదా? దొంగచాటుగా నమిలావా?"

"లేదు తమ్ముడూ, నీ మీద ఒట్టు!"

"నమిలే ఉంటావు. లేకపోతే నా మందుకి తగ్గకపోవడమేంటి? నీ తప్పు నా పొడి మీదకి తోస్తే ఎలా? సరే, నల్లపొడి రెట్టింపు చెయ్యి."

రెట్టింపు చేసింది. తనదే తప్పనుకుంది. ఆ మర్నాడు ఇంకో పెట్ట లేదు. దాని తర్వాత పర్లమ్మ పిల్లల్లో పెద్దది, అప్పుడప్పుడే గుడ్డు పెట్టడం మొదలుపెట్టింది, అది లేదు.

ఆ పొద్దు పర్లమ్మ అటక మీద నుంచి సూటిగా నేరేడు కొమ్ము మీదకి దూకింది. 

"నీ గంట ఏమైందే?"

"ఏమే?"

"నిన్నే! నీ గంట ఏమైంది? నిన్ను నమ్ముకుని పడుకున్నానే నా పిల్లల్ని పక్కలో పెట్టుకుని! మొద్దులా నిద్రపోతున్నావు! నీ గుమ్మం ముందు నుంచే ఈడ్చుకుపోయారు నా బిడ్డని, నీకు చీమ కుట్టినట్టు కూడా లేదు!"

నేరేడుకి కూడా ఒళ్ళు మండింది. "నా కడుపు మండి చస్తుంటే నీ కాపలా కోసం నేను మెలకువగా కూర్చోవాలా? నన్ను ఒక్కరైనా అడిగారా ఎలా ఉన్నావని? అందరి ఎంగిలీ నా తొట్టిలోనే! అందరి కాపలా నా మెడలోనే!"

"నేను అడగలేదా? రోజూ అడగలేదా? ఆ పొడులు మింగద్దని మొత్తుకోలేదా?"

అడిగింది. నిజమే.  ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా నిలబడ్డారు.

అంతలో దొడ్డి మధ్యలో దబ్బుమని చప్పుడు. దొడ్డికి ఒక్కగానొక్క డేగపుంజు పడిపోయింది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, కూత కూస్తూ కూస్తూ సగంలో ఆపి కాళ్ళు చాపేసింది. పర్లమ్మ గోలపెట్టుకుంటూ పరుగెత్తింది. ముక్కుతో పొడిచింది. పుంజు గుర్రు పెడుతోంది.

"చచ్చిందా?" అన్నాడు కోటప్ప.

"నిద్రపోతోంది!" అంది పర్లమ్మ. చుట్టూ చూసింది. తొట్టి అంచు దగ్గర నల్లపొడి ఒలికి ఉంది. దాని చుట్టూ పుంజు గోళ్ళ గుర్తులు, పొడిచి తిన్న జాగా. "వదినా... ఇది తిని పడుకున్నాడు వీడు. పట్టపగలు."

నేరేడు ఆ నల్లపొడి వంక చూసింది. పుంజు వంక చూసింది. అటక వంక చూసింది. ఆమెకి మెల్లగా ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. నెమరు జబ్బు అన్నది ఎందుకో, రాత్రిపూట ముఖ్యంగా అన్నది ఎందుకో, ఊరికే మందిచ్చింది ఎందుకో.

"నేను నమిలితే వాడికి అడ్డం," అంది.

"ఏంటీ?"

"నా నెమరు నాకు జబ్బు కాదే పర్లా. వాడికి అడ్డం. అందుకని జబ్బన్నాడు." నల్లపొడి మూటని కొమ్ముతో అవతలికి నెట్టింది. "వాడు అన్నాడు, నేను సిగ్గుపడ్డాను. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనికి నేను సిగ్గుపడ్డాను!"

అంతవరకూ ఎవరి మీదా గొంతెత్తని నేరేడు ఒక్కసారి రంకె వేసింది. గడ్డివాము మీది పిట్టలన్నీ లేచిపోయాయి. కోటప్ప నోట్లో గడ్డి జారిపోయింది.

కాసేపటికి ఇల్లాలు పులిహోర బకెట్టు తెచ్చి తొట్టిలో వెయ్యబోయింది. నేరేడు తలతో ఒక్క పోటు పొడిచింది. బకెట్టు ఎగిరి బురదలో పడింది.

"దీనికేమైందే!" అంది ఇల్లాలు, చీర దులుపుకుంటూ. ఇంకో బకెట్టు తెచ్చింది. అదీ అంతే. చివరికి, "ఒంట్లో బాగున్నట్టు లేదు," అనుకుంటూ గడ్డివాము నుంచి ఎండుగడ్డి లాగి వేసింది. నేరేడు ఒక్కో పరక తీసుకుని నమిలింది. ఇంత ఓపికగా తను ఎప్పుడు తిందో ఆమెకే గుర్తు లేదు. సగం కడుపుకే ఆపేసింది. తిన్నాక పడుకోలేదు. పలుపు ఎంత దూరం సాగితే అంత దూరం నడిచింది.

నడిచి నడిచి కోటప్ప ముందు నిలబడింది.

"జరుగు బావా."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. నేను ఇక్కడ పడుకుంటాను. నా తల ఎత్తు మీద ఉండాలి. పల్లంలో పెడితే కడుపులోదంతా గొంతులోకి వస్తోంది."

"ఇది నా చోటు! మా నాన్న కూడా ఇక్కడే కట్టుబడ్డాడు!"

"మీ నాన్నకి గుండెల్లో మంట లేదు. నాకుంది. జరుగుతావా, జరపనా?"

ఆమె కొమ్ములు కొడవళ్ళలా వంకర తిరిగి ఉంటాయి. కోటప్ప వాటిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గొణుక్కుంటూ జరిగాడు. "ఏం కాలం వచ్చిందో! ఆడవాళ్ళకి మెరక కావాలిట."

"కావాలి," అంది నేరేడు.

ఒక్కరోజులో మంట పోతుందా? పోలేదు. ఉంది. కానీ ఆ పూట నెమరు పైకి వస్తే సిగ్గుపడకుండా నమిలింది. నోట్లో నీళ్ళూరాయి. డొక్కలో రాయి కాస్త కదిలింది. వాడికి దొరక్కూడదని, చీకటి పడగానే కోళ్ళన్నిటినీ ఇంటి వసారాలో బుట్ట కింద దూరమంది. పర్లమ్మ తన మిగిలిన పిల్లలతో వెళ్ళి దూరింది.

నల్లపొడి మూట మాత్రం పారెయ్యలేదు. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు.

ఆదివారం మెస్సులో మేకమాంసం వండారు. మసాలా ఘాటు రోడ్డు దాకా కొట్టింది. సాయంత్రం అడుగున మిగిలిన ముక్కలు, బొమికలు, గిన్నెడు నూనెతో సహా తొట్టిలో పడ్డాయి. నేరేడు ముట్టలేదు. నల్లపొడి మూట మొత్తం పళ్ళతో విప్పి దాని మీద వొంపింది. కొమ్ము కొసతో కలిపింది.

సందెవేళకి పొడులయ్య వచ్చాడు. ముందు వాడి ముక్కు వచ్చింది, వెనకాల వాడు.

"అక్కా, ఎలా ఉంది? అరే, చోటు మారావేంటి? నేను చెప్పలేదే!"

"దోమలు తమ్ముడూ. నీ మందు గుణం చేసింది. ఎంత హాయిగా నిద్రపడుతోందో! ఇన్నాళ్ళూ నీకేం ఇవ్వలేదని బాధగా ఉంది. నువ్వు మాంసం మానేశావు కాబట్టి పెట్టలేను గానీ..."

"ఎక్కడ?" అన్నాడు పొడులయ్య.

"తొట్టిలో. వద్దులే, నీ నియమం చెడగొట్టడం ఎందుకు. కుక్కని పిలుస్తాను."

"కుక్కకి అరగదక్కా! ఆ కారం, ఆ నూనె. నేనే... మందు కింద చూస్తాను."

చూడటం మొదలుపెట్టాడు. నమలలేదు. ఒక్కో ముక్కా గుటుక్కు గుటుక్కున మింగాడు. మసాలా ఘాటులో వేరే రుచి ఏదీ తెలియలేదు. తొట్టి అడుగు నాకాడు. అప్పుడు వాడి కడుపు గుడగుడమంది. గొంతులోంచి ఇంత పొడుగు పుల్లటి త్రేన్పు వచ్చింది.

"మర్యాద గల కడుపుకి పైకి రాదన్నావే?" అంది నేరేడు.

"ఇది... ఇది వేరు..." నక్క నాలుక మొద్దుబారింది. కాళ్ళు మెలిపడ్డాయి. "అక్కా, కాస్త నడుం వాలుస్తాను..."

"తిన్న వెంటనే పడుకోకూడదు తమ్ముడూ."

వాడు అప్పటికే పడుకున్నాడు. తొట్టి పక్కన, పల్లంలోకి తల పెట్టి. నేరేడు నింపాదిగా వచ్చింది. వాడి తోక మీద తన వెనక భాగం ఆనించి కూర్చుంది. కూర్చుని నెమరు మొదలుపెట్టింది. గంట మోగింది.

తెలతెలవారుతుండగా నక్కకి మెలకువ వచ్చింది. గొంతులో నిప్పు. నోట్లో పులుపు. తోక మీద ఒక కొండ.

"అక్కా! మండిపోతోంది! లే!"

"నెమరు వేస్తున్నాను తమ్ముడూ. మధ్యలో ఆపకూడదు."

"గొంతులోకి వస్తోందక్కా! తిన్నదంతా పైకి వస్తోంది!"

"మింగెయ్," అంది నేరేడు. "నువ్వే చెప్పావుగా. గుటుక్కున మింగెయ్."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను నీ తమ్ముణ్ణి!"

"పర్లమ్మ బిడ్డని నువ్వు మింగినప్పుడు నేను నిద్రపోతున్నాను. నన్ను నిద్రపుచ్చింది నువ్వు. నా చేతే నన్ను తిట్టించావు. నమిలావా అని నన్ను నిలదీశావు. నేను నీకు ఒట్టేసి చెప్పుకున్నాను! ఏ మొహం పెట్టుకుని అక్కా అంటున్నావురా నువ్వు?"

ఆ కేకకి ఇల్లాలు రోకలి పట్టుకుని వసారాలోంచి పరుగెత్తుకొచ్చింది. కుక్క కూడా రోడ్డు మీద నుంచి, ఏదో తనే కాపలా కాసినట్టు మొరుగుతూ వచ్చింది. పొడులయ్య ప్రాణం మీద ఆశతో ఒక్క లాగు లాగాడు. తోక సగం నేరేడు కిందే ఉండిపోయింది. మిగిలిన సగంతో, గొంతు పట్టుకుని దగ్గుతూ, రోకలి దెబ్బ ఒకటి నడుం మీద వేయించుకుని కంచె దాటాడు. మెడలోని కొత్త మూటలన్నీ దారిలో ఊడిపోయాయి. బొట్టు చెరిగిపోయింది.

కోటప్ప గొంతు సవరించుకున్నాడు. "నాకు మొదటి నుంచీ వాడి మీద అనుమానమే."

ఎవరూ అతని వంక చూడలేదు.

పర్లమ్మ బుట్ట కింద నుంచి బయటికి వచ్చింది. నేరేడు ఎదురుగా నిలబడింది. పోయిన పిల్ల తిరిగి రాదు. ఇద్దరికీ తెలుసు.

"క్షమించమని అడగను పర్లా," అంది నేరేడు. "అడిగే మొహం లేదు."

"అడగద్దు," అంది పర్లమ్మ. "మిగిలిన వాటిని చూడు." అని, పిల్లల్ని ఆమె కాళ్ళ దగ్గరికి తోలింది.

ఆ మర్నాడు పొద్దున పశువులని చెరువుకి తోలారు. ఊరి గేదెలు, ఆవులు, మేకలు అన్నీ నీళ్ళ దగ్గర చేరాయి. ఎప్పుడూ ఒక మూలన తల దించుకుని నీళ్ళు తాగి వచ్చేసే నేరేడు, ఆ రోజు నీళ్ళు తాగకుండా గట్టు మీద ఎత్తయిన చోట ఎక్కి నిలబడింది.   గట్టిగా అడిగింది: "మీలో ఎవరెవరు ఆ పొడులయ్య పొడి మింగుతున్నారు?"

 వెనక నుంచి ఒక ముసలి మేక, "నన్ను కూడా నెమరు మానమన్నాడమ్మా," అంది. ఆ వెంటనే ఇంకో గొంతు. దాని వెనక ఇంకోటి.

నేరేడు గట్టు దిగి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, జరిగింది మొదటి నుంచి చెప్పింది.

నీతి: మంట తగ్గిస్తానని వచ్చినవాడు నీ అలవాటు ఒకటి మానమంటే, అది నీ ఒంటికి చెడ్డదో వాడి పనికి అడ్డమో ముందు అడిగి తెలుసుకో.